దిగువింటి పాలకూర

చెప్పానుగా అమ్మాయ్! ఇల్లు, చేను. చేను, ఇల్లు. ఇంకెన్నిసార్లు చెప్పమంటావు? పొద్దుట్నుంచీ ఫోన్ చేసి అడిగిందే అడుగుతావేం? జ్వరప్పడ్డ మనిషిని. గొంతులో గాజుపెంకు ఇరుక్కున్నట్టుంది. సంచి సర్దుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళే మీ బండి ఎప్పుడొస్తదా అని గుమ్మం వైపు చూస్తా కూర్చున్నా. రాని బండి రాదు గానీ నీ ఫోన్ మాత్రం ఆగదు.

ఆఁ, నేనే. హా పిల్‌సన్. డెబ్బై ఒకటి నడుస్తోంది. ఆ పేరుతో అడిగితే మా ఊళ్ళో నా ఇల్లు ఎవరూ చూపించర్లే. హాదోంగ్ ఆవిడ అంటేనే తెలుస్తది. హాదోంగ్ నుంచి ఈ దీవికి కోడలిగా వచ్చాను, అప్పట్నుంచీ అదే పేరు. నిన్న మీ ఆరోగ్య కేంద్రంవాళ్ళు "పిల్‌సన్ గారూ" అంటే ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశా.

ఈ కరోనా ఎక్కడ అంటిందో నాకేం తెలుసు తల్లీ? అదేమన్నా చెప్పి అంటుకుంటదా? పన్ను సలుపుతోందని వంతెన దాటి వెళ్ళొచ్చా. వచ్చేప్పుడు బస్సులో ఒక పెద్దమనిషి మాస్కు గడ్డానికి తగిలించుకుని దారంతా దగ్గుతానే ఉన్నాడు. అటు తిరిగి కూర్చున్నా, కిటికీ తీశా. డ్రైవరు చలి అని మళ్ళీ మూసేశాడు. ఇప్పుడనుకుని ఏం లాభం, ఆ పన్నేదో నోట్లోనే ఏడవనిచ్చినా పోయేది.

ఆ తర్వాతా? ఎవర్నీ కలవలేదు.

కలవడానికి ఎవరున్నారు చెప్పు? ముసలాళ్ళ హాలుకి తాళమేసి ఏడాది కావస్తోంది. మధ్యాహ్నం అయ్యేసరికి అందరం అక్కడ చేరి వెచ్చటి నేల మీద కాళ్ళు జాపుకుని పేకాడుకునేవాళ్ళం. ఒక కుండలో సేమ్యా ఉడకేసుకుని, నీకెక్కువొచ్చింది నాకు తక్కువొచ్చిందని పోట్లాడుకుంటా తినేవాళ్ళం. ఇప్పుడు తలుపు మీద కాగితమొకటి అంటించారు, వానకి అక్షరాలు కూడా కారిపోయాయి. అప్పట్నుంచీ గోడలతోనే మాటలు. నీకంటే గోడలే నయం, అడిగిందే అడగవు.

కోప్పడకు. ఊరికే అన్నా.

ఊళ్ళో ఇప్పుడు మాట్లాడే నోరు ఒక్కటే, మా ఊరిపెద్ద మైకు. పొద్దున్నే అరపాట వేస్తాడు, మిగతా సగం ఎప్పుడూ వినలేదు. తర్వాత "ఆ, ఆ, వినపడుతోందా" అంటాడు. వినపడకపోతే ఎవరు చెప్తారు వాడికి? ఇక మొదలు. ముఖాలు కప్పుకోండి. గుంపులు కట్టకండి. పక్కింటివాళ్ళతో కలిసి తినకండి. రేవు దగ్గరున్న రాతి తాబేలుకి ఎవరో మాస్కు కట్టారు, అది చిన్నపిల్లల మాస్కు, ఎవరిదో వాళ్ళొచ్చి విప్పుకుపోండి. అవతలి ఊళ్ళో పెళ్ళికొడుకు ఫోన్లోనే పెళ్ళి చేసుకున్నాడు, పంతులు గొంతు మధ్యలో తెగిపోయింది, ఆ పెళ్ళి చెల్లుతుందో లేదో తెలిస్తే చెబుతాను. ఇవీ మా వార్తలు. నవ్వాలో ఏడవాలో తెలీదు. కానీ మైకు మోగకపోతే ఆ రోజు గడవనట్టే ఉంటది.

ఇక మీ వార్తలు. అదే, సెల్లులో గీ మని మోగే మెసేజీలు! గుండాగిపోద్ది ఆ మోతకి. ఫలానా నంబరు రోగి ఫలానా చోటికి వెళ్ళాడు, ఇంతసేపున్నాడు, మాస్కు ఉంది, మాస్కు లేదు. పేరు రాయరట! పేరెందుకమ్మాయ్, ఈ దీవిలో? బజార్లో కళ్ళజోళ్ళమ్మే ఆయన సంగతి తెలుసుగా నీకు. చర్చిలో పెద్ద మనిషి. ఆదివారం ప్రార్థనకని ఇంట్లో చెప్పి కోళ్ళ షెడ్డు వెనక పేకాట గదిలో కూర్చున్నాడు. ప్రార్థన వేళప్పుడు పేకాట గది, మాస్కు లేదు, అని దీవంతటికీ మోగింది. ఆయన పెళ్ళాం బట్టలన్నీ మూటగట్టి రోడ్డు మీద పడేసింది. కరోనా తగ్గి ఇంటికొచ్చాడు. పెళ్ళాం కోపం మాత్రం ఇంకా తగ్గలా.

అందుకే చెప్తన్నా, ఇల్లు, చేను. రాసేసుకుని పెట్టేయ్.

ఏంటీ?

కెమెరానా? ఏ కెమెరా?

ఓహో. ఊరి మొదట్లో స్తంభానికి పెట్టింది. అది వెల్లుల్లి దొంగల కోసం పెట్టిందిగా! ఏటా ఎవడో లారీ వేసుకొచ్చి ఆరబెట్టిన వెల్లుల్లి ఎత్తుకుపోతన్నాడని ఊరంతా వెళ్ళి అడిగితే పెట్టారు. అందులో దొంగ పడలేదు, నేను పడ్డానా?

చేలో కూర్చుని పనిచేసే పీట నడుముకి కట్టుకునే ఉన్నానా? చేతిలో బొరిగె. ఊఁ. దిగువ సందులోకి. రోజూనా.

మా చేను ఎగువన కదా అంటావు. తెలివైనదానివే.

కాస్త మంచినీళ్ళు తాగనీ.

ఉన్నావా? ఒక్క క్షణం, కిటికీ దగ్గరికి జరగనీ. ఏం లేదు, మంచు కరిగిందో లేదో చూస్తన్నా. పాలకూర సంగతి తెలుసా నీకు? మంచు కరక్కుండా ముట్టుకుంటే ఆకు అప్పడంలా విరిగిపోద్ది. ఎండ కాస్త పైకొచ్చి ఆకు మెత్తబడ్డాకే కత్తి పెట్టాలి. ఇప్పటికి కరిగే ఉంటది. ఎండ బానే కాస్తోంది.

మా ఇల్లు గట్టు మీద. ఇక్కణ్ణించి కిందున్న మళ్ళన్నీ కనపడతాయి.

దిగువ సందులో ఎవరుంటారో నీకు తెలీదా? ఈ దీవి దానివి కావా? చాంగ్వన్ పట్నమా! మా అమ్మాయి కూడా అక్కడే. అయితే సరే, నీకు చెప్పడం నయం. ఇక్కడి దానివైతే ఈపాటికి నవ్వుండేదానివి.

మా ఆయన పేరు జోంగ్‌తె. నెత్తళ్ళ పడవ ఉండేది. పట్టిన చేప అమ్మడానికి సామ్‌చన్‌పో రేవుకి వెళ్ళేవాడు. అక్కడ చేపల బల్ల దగ్గర ఒకదాన్ని తగులుకున్నాడు. తగులుకున్నవాడు అక్కడే ఏడవచ్చుగా? పడవెక్కించి తెచ్చి మా ఊళ్ళోనే, దిగువింట్లో పెట్టాడు. మొదట్లో పొద్దున నా దగ్గర తిని రాత్రికి అక్కడ తేలేవాడు. పోను పోను పొద్దున కూడా అక్కడే. సముద్రం ఒడ్డునున్న మంచి మడి దాని చేతిలో పెట్టాడు. ఉప్పుగాలి తగిలే మడి అమ్మాయ్! ఆ గాలికి పాలకూర పైకి లేవకుండా నేలకి కరుచుకుని పెరుగుద్ది. మొదలు ఎర్రగా, కొరికితే చెరుకు. నాకేమో గట్టు వెనక చేను, మధ్యాహ్నానికే నీడ. నా పాలకూర పొడుగ్గా, పాలిపోయి, జబ్బు మనిషిలా ఉంటది. ఆ మడి వైపు చూసినప్పుడల్లా నాకు మొగుడు పోయినదానికంటే మడి పోయిందనే ఎక్కువ మండేది.

నలభై ఏళ్ళు. ఒకే ఊరు, ఒక్క మాట లేదు. అది ఈ సందులో వస్తే నేను ఆ సందులోకి తిరిగేదాన్ని. నేను వస్తానని అది ముసలాళ్ళ హాలు గడప తొక్కలా. ఊళ్ళో పెళ్ళైనా, చావైనా మమ్మల్ని చెరో మూల కూర్చోబెట్టడానికే ఒక మనిషుండాలి. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. సమాధి మీద గడ్డి కోయడానికి కూడా నేను వెళ్ళొచ్చాకే అది వెళ్ళేది. గడ్డి లేని సమాధికి ఏం కోసేదో మరి.

ఇంతలో పందొచ్చింది.

పందేనమ్మాయ్. అడివిపంది. సముద్రం ఈదుకుంటా వచ్చింది! మనుషులు వంతెన దాటాలంటే నుదుటికి ఆ తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూస్తారు, పందికెవరు చూస్తారు? ఊరిపెద్ద మైకులో పాట కూడా వెయ్యకుండా మొదలెట్టాడు. అడివిపంది ఒడ్డుకొచ్చింది, తలుపులేసుకోండి, దిగువ మళ్ళు కుళ్ళబొడిచింది, సామ్‌చన్‌పో ఆవిడ మడిలో ఒక్క మొక్క మిగల్లేదు అని.

నిజం చెప్పనా? కడుపు చల్లబడింది. గంజి ఇంకో గరిటె ఎక్కువ తాగా.

చూసొద్దామని బయల్దేరా. ఊరికే చూసి రావడానికే. మంచి కోటేసుకుని, తల దువ్వుకుని మరీ వెళ్ళా. ఆ సందులో కాలు పెట్టి ఎన్నేళ్ళో, ఎటు మలుపుందో కూడా మర్చిపోయా.

మడిగట్టు మీద నిలబడి చూస్తే, ఏం చెప్పమంటావు! వానపాముల కోసం పంది మూతితో దున్నేసింది. ఆ చెత్తలో ఇది పీట కట్టుకుని కూర్చుంది. కూర్చుని, లేచిపోయిన పాలకూర మొక్కల్ని ఒక్కోటీ తీసి, మట్టి దులిపి, మళ్ళీ నాటుతోంది. చలికాలంలో, పీకిన పాలకూరని!

నోరూరుకుంటదా? "బుద్ధున్నోళ్ళు చేసే పనేనా అది? పాలకూర తిరగనాటితే బతికిందెక్కడైనా ఉందా?" అన్నా. నలభై ఏళ్ళ తర్వాత నేనన్న మొదటి మాట అదీ.

తలెత్తలేదు. "బతకదని నాకూ తెలుసక్కా. చేతులు ఊరుకోటల్లేదు" అంది.

అక్కా అంది!

"ఎవరే నీకు అక్క?" అన్నా.

"మరేమని పిలవను? పిలిచేందుకు వారం నుంచీ ఇంకో మనిషి కనపళ్ళేదు" అంది.

తిడదామనే వెళ్ళా. కానీ అమ్మాయ్, అది నాటే తీరు చూస్తుంటే నా వల్ల కాలా. వేరు మడతపెట్టి గుంటలో కుక్కుతోంది. చేపలమ్మే చేతులకి సేద్యమేం తెలుసు? "అలా కుక్కితే రెండ్రోజుల్లో కుళ్ళుద్ది, ఇటియ్యి" అని దిగా. మంచి కోటుతో దిగా. ఆకు నలగనివి ఏరి కూరకి వేరు చేశాం. వేరు తెగనివి నీళ్ళలో ముంచి గుచ్చాం. గుంటలు పూడ్చాం. మీద తెల్లగుడ్డ కప్పి అంచుకి రాళ్ళు పెట్టాం. అయ్యేసరికి పొద్దు వాలింది. ఇద్దరి నడుములూ పట్టేశాయి, లేవలేక ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచాం. లేచాక ఇద్దరం చేతులు వెనక్కి తీసుకున్నాం, కాలినట్టు.

మర్నాడు? మర్నాడు వెళ్ళా. గుడ్డ గాలికి లేచిందేమోనని.

ఆ మర్నాడూ వెళ్ళా. ఇక సాకులు అయిపోయాయి, ఊరికే వెళ్ళా. మైకు మోగడం, మంచు కరగడం, నేను బయల్దేరడం. ఎవరూ చూడరుగా, అందరూ తలుపులేసుకునే ఉన్నారు. పందికీ కరోనాకీ భయపడి. మనుషులు మసిలే కాలమైతే ఆ సందులో అడుగు పెట్టగలిగేదాన్నా?

ఏం మాట్లాడుకున్నారంటావా? అది కూడా కావాలా మీ కేంద్రానికి? నీకు కావాలా? సరే విను.

ఆయన గురించే. ఇంకేముంది మా ఇద్దరికీ? వాడు నా దగ్గర కూర్చుని దాని చేపల పులుసు పొగిడేవాడు. ముద్ద ముద్దకీ పొగిడేవాడు, నాకు అన్నం విషమయ్యేది. దాని దగ్గర కూర్చుని నేనూరేసిన కిమ్చీ పొగిడేవాడంట! "పైయింటి కిమ్చీలాగా పులవలేదే" అనేవాడంట దానితో. నా చేతి కిమ్చీ బావుందని నాతో ఒక్కసారి అంటే వాడి సొమ్మేం పోయేది? ఇద్దరం ఆ మడిలో కూర్చుని వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టామో, సమాధిలో పొరబోయి ఉంటది. తిట్టి తిట్టి నవ్వాం.

అది నవ్వితే ఆగి ఆగి నవ్వుద్ది. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసి పొగరనుకునేదాన్ని. కాదంట. చిన్నప్పుడు క్షయొచ్చి ఒకవైపు ఊపిరితిత్తి తీసేశారంట దానికి. మిగిలిన సగంతోనే బుట్టలు మోసింది, చేపలమ్మింది, వాణ్ణి భరించింది. నవ్వడానికి ఊపిరి చాలక ఆగుద్ది. అంతే.

మాస్కా?

పెట్టుకున్నాం. మొదట్లో పెట్టుకున్నాం. తర్వాత తినేప్పుడు ఎలా పెట్టుకుంటారు? గట్టు మీద కూర్చుని ఒకే గిన్నెలో గంజి. నెత్తళ్ళు వేయించి తెచ్చేది అది. కిమ్చీ నాది. ఊరిపెద్ద కలిసి తినొద్దని మైకులో అరుస్తుంటే మేం తింటానే ఉన్నాం.

అంతా రాస్తన్నావా? కీబోర్డు చప్పుడు వినపడుతోంది.

ఇందాకట్నుంచి ఎందుకు దాచానంటే... ముసలిదానికి సిగ్గేంటనుకోకు. మా అమ్మాయి ఉంది. పాపం, చిన్నప్పుడు నాన్న భోజనానికి రాడేమని నేనే దాన్ని పంపేదాన్ని, దిగువింటి ముందు నిలబడి పిలవమని. నిలబడేది. వానలో కూడా నిలబడేది. వాడు రాకపోతే, వస్తన్నాడని నాతో అబద్ధం చెప్పేది. ఇప్పటికీ దిగువింటావిడ పేరెత్తితే పళ్ళు నూరుద్ది. రేపు దాని సెల్లులో గీ మని మోగుద్ది. తొమ్మిదో నంబరు రోగి, దిగువ మడి, రోజూ, మాస్కు లేదు. "నీ కోసమే దాన్ని అసహ్యించుకున్నానమ్మా, నువ్వే వెళ్ళి దానితో గంజి తాగొచ్చావా?" అంటది. ఏం చెప్పను? చలేసింది, మాట్లాడే మనిషి కావాల్సొచ్చింది, దొరికింది ఇదొక్కతే అని చెప్పనా? నాకే నమ్మబుద్ధి కాదు.

ఉండు. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళనీ.

అమ్మాయ్, మడిలో ఎవరూ లేరు.

మంచు ఎప్పుడో కరిగింది. ఈపాటికి అది పీట కట్టుకుని మడిలో ఉండాలి. తెల్లగుడ్డ ఒక మూల లేచి కొట్టుకుంటోంది. అదుంటే అలా కొట్టుకోనివ్వదు. పరుగెత్తుకెళ్ళి రాయి పెడతది.

నిన్న సాయంత్రం మీవాళ్ళు నాకు కరోనా అని చెప్పినప్పట్నుంచీ దానికి ఫోన్ చేస్తన్నా. మోగుతోంది, మోగుతోంది, ఎత్తట్లా. అలిగిందనుకున్నా. నిద్రపోయిందనుకున్నా. ముసల్ది, మర్చిపోయి మంచమవతల పెట్టుంటదనుకున్నా. రాత్రంతా ఏదో ఒకటి అనుకుంటానే ఉన్నా. ఊరిపెద్దకి చెప్పొచ్చుగా అంటావు. వాడికి చెప్తే మైకుకి చెప్పినట్టే. అందుకే చెప్పలా. ఇప్పుడు చెప్తన్నా. చాలు. పరువు నాకేం అన్నం పెట్టింది గనక.

మీ బండి నా దగ్గరికి పంపకు. ముందు అక్కడికి పంపు. నాకేం, జ్వరం కాస్తుంది, కూర్చోగలుగుతున్నా, నీతో ఇంతసేపు వాగగలుగుతున్నా. దానికున్నది సగం ఊపిరి. అర్థమవుతోందా? సగమే.

పేరా?

ఇన్నేళ్ళూ నేను "అది" అనే అన్నా. ఊరంతా సామ్‌చన్‌పో ఆవిడ అంటారు. ఆ మడిలో ఒకరోజు తనే చెప్పింది. బోంగిమ్. చో బోంగిమ్. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. దిగువ సందులో చివరిల్లు, నీలం రేకు. తలుపు కొడితే వెంటనే తియ్యలేదని వెనక్కి పోవద్దని చెప్పు. గట్టిగా కొట్టమను. కుడి చెవి సరిగ్గా వినపడదు.

లైన్లోనే ఉంటా. ఫోన్ పెట్టనులే. నువ్వూ పెట్టేయకు.

అమ్మాయ్?

ఫోన్లో పాటొస్తోంది. ఇదేం పాట, పెళ్ళికి వాయించేదా చావుకి వాయించేదా? అమ్మాయ్, వింటున్నావా? వినట్లేదులే. మంచిదే.

నువ్వు వినేప్పుడు చెప్పలేకపోయా. మొన్న పొద్దునే ఒళ్ళు వణికింది నాకు. నీళ్ళు తాకితే మంటలా అనిపించింది. తెలుసు. రోజూ మైకులో వింటన్నా కదా, ఒళ్ళు నొప్పులుంటే ఇంట్లోనే ఉండండి, ఇంట్లోనే ఉండండి అని. తెలిసీ వెళ్ళా. మందుబిళ్ళ వేసుకుని వెళ్ళా. యుజా నిమ్మకాయలు తేనెలో ఊరేసిందంట, ఆ రోజు సీసా తెరుద్దామంది. ఇంట్లో పడుకుంటే పోయేదే. పడుకుంటే ఆ రోజంతా నాతో మాట్లాడేదెవరు? సీసా తెరిచింది. వేడినీళ్ళలో కలిపింది. కప్పు ఒక్కటే తెచ్చింది, చేతిలో కత్తీ, గంపా ఉండి. ముందు నేను తాగా. తర్వాత అది తాగింది.

ముందు నువ్వు తాగు అన్నా పోయేదిగా.

నలభై ఏళ్ళు అది చావాలని మొక్కుకున్నా. కొండ మీద గుడి ఎక్కి మరీ. ఒక్కటీ తగల్లేదు. ఇప్పుడు ఒక్క కప్పు...

ఆఁ! ఆఁ, ఉన్నా, ఉన్నా. చెప్పు.

ఊరిపెద్ద వెళ్ళాడా? వాడే వెళ్ళాడా? తలుపు? గొళ్ళెం పెట్టలేదా, పిచ్చిది, పందులు తిరిగే కాలంలో.

లోపల పడుకునుందా. నేల మీద. ఊపిరుందా?

సరిగ్గా చెప్పమ్మాయ్. ఉందా?

ఊఁ.

ఊఁ. ఊఁ. జ్వరం ఎక్కువగా ఉందా. మాట్లాడుతోందా? ఏమందంట? చెప్పు, ఫర్వాలేదు.

పాలకూర ఎవరు కోస్తారని అడిగిందా! ఆ మడిలో కోసేదెంతుందంట? పంది కుళ్ళబొడవగా మిగిలింది గంపెడు. చావు మంచం మీద కూడా సేద్యగత్తెలా ఫోజు. చేపలమ్ముకునేది.

ఏడవట్లేదమ్మాయ్, ముక్కు దిబ్బడ. జ్వరం కదా.

పెద్దాసుపత్రికేనా తీసుకెళ్ళేది? మంచిది. ఆక్సిజన్ పెట్టుకునే వెళ్తన్నారా. మంచిది. ఇక్కణ్ణించి బండి కనపడుతోంది, దిగువ సందు మొదట్లో ఆగింది. తెల్లబట్టలోళ్ళు ఇద్దరు. ఊరిపెద్ద దూరంగా గట్టు మీద నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. రేపు పొద్దున ఏం చెప్తాడో మైకులో. చెప్పుకోనీ. పాట మొత్తం వేసి మరీ చెప్పుకోనీ.

బతుకుతుందా?

నీకెలా తెలుస్తదిలే. అడక్కూడదు. నువ్వు చాంగ్వన్లో కుర్చీలో కూర్చున్న పిల్లవి.

నన్ను కూడా అదే ఆసుపత్రికి పంపు. నాకు ఆక్సిజన్ అక్కర్లేదు, మంచం కూడా అక్కర్లేదు. అదే వార్డులో ఒక మూల. దానికి రాత్రిళ్ళు భయం. పైకి చెప్పదు గానీ ఈ చలికాలమంతా లైటేసుకునే పడుకునేది, మా కిటికీలోంచి కనపడేది.

కుదరదా? ఎందుక్కుదరదు?

సొంతవాళ్ళైతేనా.

దానికెవరున్నారమ్మా సొంతవాళ్ళు? పిల్లల్లేరు. అన్నొకడుండేవాడు, రేవులోనే పోయాడు. ఏదన్నా జరిగితే ఎవరికి చెప్పాలో ఆసుపత్రోళ్ళకి ఒక పేరు కావాలంటావా? నా పేరు రాయి. హా పిల్‌సన్. ఫోన్ నంబరు నీ దగ్గరుందిగా, పొద్దుట్నుంచీ కొడతానే ఉన్నావు.

ఏమవుతానా? నేనా, దానికా?

అబ్బ. అదొక్కటి మిగిలింది అడగడానికి.

సవతంటే ఒప్పుకుంటారా మీ వాళ్ళు? నవ్వకు. నవ్వట్లేదా? మరదేం చప్పుడు?

సరే, అక్క అని రాయి. తను పిలిచేదదే. ఎవరన్నా అడిగితే నిజమో కాదో తననే అడగమను, బతికితే చెప్తది. రక్తసంబంధమేనా అని ఇంకా గుచ్చి గుచ్చి అడిగారనుకో, ఒకే మొగుడు మా ఇద్దరి రక్తమూ తాగాడని చెప్పు. అంతకంటే దగ్గర చుట్టరికం ఉందేమో, నాకు మాత్రం తెలీదు.